అద్దె ఇల్లు: ఒప్పందం, హక్కు, న్యాయసహాయం





మహాప్రవక్త ముహమ్మద్ (స)కు ప్రవక్త పదవి ఇంకా లభించని కాలంలో మక్కా నగరంలో జరిగిన ఒక సంఘటనతో నేటి ప్రసంగాన్ని ప్రారంభిద్దాం. యమన్ దేశపు జబీద్ నుండి ఒక వర్తకుడు సరుకు తీసుకొని మక్కా వచ్చాడు. ఆస్ బిన్ వాయిల్ అనే ఖురైష్ పెద్ద ఆ సరుకును కొన్నాడు గాని వెల చెల్లించలేదు. వర్తకుడు పరదేశి. మక్కాలో అతనికి వంశబలం లేదు, అండ లేదు. అతడు అబూ ఖుబైస్ కొండ ఎక్కి తనకు జరిగిన అన్యాయాన్ని ఎలుగెత్తి చాటాడు. ఆ మొర విన్న కొందరు పెద్దలు అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట సమావేశమయ్యారు. అన్యాయానికి గురైనవాడు స్వదేశీయుడైనా పరదేశి అయినా, అతని హక్కు అతనికి దక్కేవరకు అందరూ అతని పక్షాన నిలవాలని వారు ఒప్పందం చేసుకున్నారు. వర్తకునికి రావలసినది రాబట్టి ఇచ్చారు. చరిత్రలో దీనికి హిల్ఫుల్ ఫుజూల్ అని పేరు. ఆనాడు యువకులుగా ఉన్న మహాప్రవక్త (స) ఆ సమావేశంలో పాల్గొన్నారు. ప్రవక్త పదవి లభించిన తర్వాత కూడా ఆ ఒప్పందాన్ని ప్రశంసించారు.

సోదరులారా! ఈ సంఘటనలో మనం గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఆ తగాదా మతానికో, యుద్ధానికో సంబంధించినది కాదు. అది కేవలం ఒక లావాదేవీ. ఒకరు ఇవ్వవలసిన సొమ్ము, మరొకరికి రావలసిన సొమ్ము. అయినా బలవంతుని ఎదుట బలహీనుడు ఒంటరి కారాదని ఆ పెద్దలు భావించారు. నేడు మన బస్తీలలో ఇటువంటి లావాదేవీ తగాదాలలో తరచుగా తలెత్తేది అద్దె ఇంటి తగాదా. కాబట్టి ఈ శుక్రవారం అద్దెకు ఉన్నవారి హక్కులను, బాధ్యతలను, వారికి లభించే న్యాయసహాయాన్ని వివరంగా తెలుసుకుందాం. ఇంటి యజమానులూ అద్దెదారులూ ఇదే మస్జిద్‌లో ఒకే వరుసలో నిలబడి నమాజు చేస్తారు. కనుక ఈ మాటలు ఇరువురికీ వర్తిస్తాయి.

ఒక కుటుంబం పరిస్థితి

ఒక ఉదాహరణ అనుకుందాం. హైదరాబాదు నగరంలో ఒక ఆటో డ్రైవరు నెలకు 6,000 రూపాయల అద్దెకు రెండు గదుల ఇంట్లో ఉండేవాడు. ఇంట్లో చేరినప్పుడు 20,000 రూపాయలు అడ్వాన్సుగా ఇచ్చాడు. ఒప్పంద పత్రం ఏదీ వ్రాసుకోలేదు. అతడు హఠాత్తుగా మరణించాడు. భార్య ఇద్దత్‌లో కూర్చుంది. ఆమెకు ఇద్దరు పిల్లలు. రెండు నెలల అద్దె బకాయి పడింది. ఇంటి యజమాని వచ్చి, "ఇల్లు మాట్లాడుకున్నది మీ ఆయనతో, మీతో కాదు. నెలాఖరుకు ఖాళీ చేయండి, లేకుంటే కరెంటు తీసేస్తాను, తాళం వేస్తాను" అని చెప్పి వెళ్ళాడు.

ఇద్దత్ గడువు నాలుగు నెలల పది రోజులు. ఆ కాలమంతా భర్తతో కలిసి ఉన్న ఇంటనే గడపాలని ఆమె కోరిక. ఆ యజమాని అన్న మాట చట్టంలో చెల్లుతుందా? ఆమెకు హక్కు ఏమైనా ఉందా? ఉంటే ఎవరిని అడగాలి? న్యాయవాదికి ఇవ్వడానికి ఆమె వద్ద డబ్బు లేదు. ఈ ప్రశ్నలకు సమాధానాలను వరుసగా చూద్దాం.

వ్రాసుకోవడం మొదటి రక్షణ

దివ్య ఖుర్ఆన్‌లోని అతి పొడవైన వాక్యం అల్ బఖర సూరాలోని 282వ వాక్యం. అది ఆరాధనల గురించి కాక, గడువుతో కూడిన అప్పును వ్రాసుకోవడం గురించి, సాక్షులను ఏర్పరచుకోవడం గురించి చెబుతుంది. వ్రాసుకోవడం ఎదుటివానిని శంకించడం కాదు. అది రేపు ఇద్దరి మధ్య శంక పుట్టకుండా చేసుకునే ఏర్పాటు. "మనలో మనకు కాగితాలెందుకు, భాయ్?" అనే మాటతో మొదలైన అనేక స్నేహాలు చివరకు కోర్టు మెట్లపై ముగిశాయి.

ఇక దేశ చట్టం ఏమంటుంది? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఒక సంవత్సరం మించిన కాలానికి చేసే లీజు రిజిస్టరైన పత్రం ద్వారానే జరగాలి. అందువల్లనే మన ప్రాంతంలో 11 నెలల ఒప్పందాలు వాడుకలోకి వచ్చాయి. సంవత్సరం కన్న తక్కువ కాలానికైతే నోటి మాటపై ఇల్లు అప్పగించినా అద్దె సంబంధం ఏర్పడుతుంది. అంటే కాగితం లేని అద్దెదారు హక్కులు లేనివాడు కాడు. అయితే ఆ హక్కును నిరూపించుకోవడం అతనికి కష్టమవుతుంది. మూడేళ్ళకని, ఐదేళ్ళకని స్టాంపు కాగితంపై వ్రాసుకొని రిజిస్టరు చేయించనివారు కూడా జాగ్రత్తపడాలి. గడువు విషయంలో ఆ కాగితంపై కోర్టులో ఆధారపడలేరు. నివాస గృహమైతే అది నెలనెలా సాగే అద్దెగానే పరిగణింపబడుతుంది.

ఒప్పందంలో ఈ అంశాలు స్పష్టంగా ఉండాలి: నెల అద్దె ఎంత, ఏ తేదీలోగా చెల్లించాలి, అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసిన తర్వాత ఎన్ని రోజులలో తిరిగి ఇవ్వాలి, అందులో నుండి దేనిని కోసుకోవచ్చు, కరెంటు, నీటి బిల్లులు ఎవరివి, రంగులు, మరమ్మతులు ఎవరివి, ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, అద్దె ఏటా ఎంత పెరుగుతుంది. ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. పత్రం చెరొకటి దగ్గర ఉంచుకోవాలి.

అద్దెను వీలైనంతవరకు బ్యాంకు ద్వారా గాని ఫోను ద్వారా గాని చెల్లించండి. చేతికి నగదు ఇస్తే రసీదు తీసుకోండి. రసీదు ఇవ్వని యజమానికి అదే రోజు "ఫలానా నెల అద్దె ఇంత ఇచ్చాను" అని వాట్సాప్‌లో ఒక సందేశం పంపండి. ఇల్లు స్వాధీనం చేసుకున్న రోజున గోడలు, తలుపులు, కుళాయిలు, స్విచ్చులు ఫోటోలు తీసి ఉంచుకోండి. అడ్వాన్సు తిరిగి తీసుకునే రోజున ఆ ఫోటోలు మీ పక్షాన సాక్ష్యం పలుకుతాయి.

ఇక్కడ రెహన్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. మన బస్తీలలో కొందరు పెద్ద మొత్తాన్ని ఒకేసారి యజమానికి ఇచ్చి, అద్దె లేకుండా ఆ ఇంట్లో ఉంటూ, గడువు తీరాక ఆ మొత్తాన్ని తిరిగి తీసుకుంటారు. అప్పు ఇచ్చి దానిపై లాభం పొందడం అనే ప్రశ్న ఇందులో ఉంది. కనుక దీని ధర్మసమ్మతిని గురించి ముందుగా ఆలిములను సంప్రదించండి. చట్టం వైపు నుండి ఉన్న ప్రమాదం వేరు. 100 రూపాయలు గాని, అంతకు మించి గాని తాకట్టు వ్యవహారమైతే, ఇంటి పత్రాలను అప్పగించి చేసే తాకట్టు తప్ప, మిగిలినది ఇద్దరు సాక్షులతో రిజిస్టరు కావలసిందే. ఐదు లక్షలు ఇచ్చి ఒక బాండు కాగితంతో సరిపెట్టుకున్న కుటుంబం, ఆ యజమాని ఇంటిని మరొకరికి అమ్మివేసిన నాడు చాలా ఇబ్బందిలో పడుతుంది.

ఏ ఇంటికి ఏ చట్టం?

తెలంగాణలో అద్దె తగాదాలకు ప్రధానంగా రెండు దారులు ఉన్నాయి. మొదటిది 1960 నాటి భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం. మున్సిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలకు మించని, ఇతర పట్టణాలలో 2,000 రూపాయలకు మించని అద్దె గల భవనాలకు ఇది వర్తిస్తుంది. కొత్తగా కట్టిన భవనాలకు కొంతకాలం మినహాయింపు ఉంది. ఈ తగాదాలను రెంట్ కంట్రోలర్ విచారిస్తారు. హైదరాబాదులో ఈ కేసులు సిటీ స్మాల్ కాజెస్ కోర్టులో నడుస్తాయి. తీర్పుపై 30 రోజులలో అప్పీలు చేసుకోవచ్చు.

ఈ చట్టం క్రింద ఉన్న అద్దెదారునికి బలమైన రక్షణ ఉంది. చట్టంలో చెప్పిన కారణాలు ఉంటే తప్ప అతనిని ఖాళీ చేయించడానికి వీలు లేదు. ఉద్దేశపూర్వకంగా అద్దె ఎగవేయడం, వ్రాతపూర్వక అనుమతి లేకుండా మరొకరికి అద్దెకివ్వడం, భవనాన్ని పాడుచేయడం, ఇరుగుపొరుగుకు ఉపద్రవంగా మారడం, యజమానికి సొంత నివాసానికి నిజంగా అవసరం కావడం వంటివి ఆ కారణాలు. అద్దెదారు మరణిస్తే, అతనితో కలిసి ఆ ఇంట్లో కుటుంబసభ్యులుగా ఉంటూ వచ్చిన భార్య గాని, భర్త గాని, కుమారులు, కుమార్తెలు గాని అద్దెదారులుగానే కొనసాగుతారని ఈ చట్టం స్పష్టంగా చెబుతుంది.

రెండవ దారి ఆస్తి బదిలీ చట్టం. నేటి నగరాలలో 3,500 రూపాయలకు ఇల్లు దొరకడం అరుదు కనుక మనలో అధికులు ఈ చట్టం క్రిందికే వస్తారు. ఇక్కడ వాస్తవాన్ని దాచకుండా చెప్పుకోవాలి. నెలనెలా సాగే అద్దెను ముగించడానికి ఈ చట్టం క్రింద యజమాని కారణం చూపనవసరం లేదు. 15 రోజుల వ్రాతపూర్వక నోటీసు ఇస్తే చాలు. ఒప్పందంలో గడువు ఉంటే మాత్రం ఆ గడువు వరకు, ఆ షరతుల ప్రకారమే నడుచుకోవాలి. అయితే నోటీసు గడువు ముగిసినంత మాత్రాన అద్దెదారుని సామాను వీధిలో పెట్టే అధికారం యజమానికి రాదు. అద్దెదారు ఖాళీ చేయకుంటే యజమాని సివిల్ కోర్టులో దావా వేయాలి, డిక్రీ పొందాలి, ఆ డిక్రీని కోర్టు సిబ్బంది ద్వారానే అమలు చేయించుకోవాలి.

ఆస్తి బదిలీ చట్టం కేంద్ర చట్టం కనుక ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే వర్తిస్తుంది. అద్దె నియంత్రణ రాష్ట్రాల పరిధిలోనిది. కాబట్టి అక్కడి సోదరులు తమ రాష్ట్ర నియమాలను తమ జిల్లా న్యాయసేవాధికార సంస్థ వద్ద తెలుసుకోవాలి. వక్ఫ్ ఆస్తులలో అద్దెకు ఉన్నవారి తగాదాలు వక్ఫ్ ట్రిబ్యునల్ ముందుకు వెళతాయి. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం గురించి, నివాస గృహానికి రెండు నెలలకు మించి అడ్వాన్సు తీసుకోరాదన్న దాని నియమం గురించి కొందరు విని ఉంటారు. అది నమూనా మాత్రమే. రాష్ట్రం దానిని తన చట్టంగా చేసుకున్న చోటనే అది అమలవుతుంది.

తాళం వేసే అధికారం ఎవరిది?

సోదరులారా! నేటి ప్రసంగంలో ఒక్క మాటనే గుర్తుంచుకొని ఇంటికి వెళ్ళదలిస్తే ఈ మాటను తీసుకువెళ్ళండి: ఇల్లు యజమానిదే, కాని ఖాళీ చేయించే అధికారం న్యాయస్థానానిది. బకాయి ఉన్నా, గడువు ముగిసినా, నోటీసు ఇచ్చినా, తానే తాళం వేయడం, తలుపులు పీకడం, కరెంటు, నీరు ఆపడం, మనుషులను పంపి బెదిరించడం యజమానికి తగదు. 1960 చట్టం సరియైన కారణం లేకుండా అద్దెదారుని సౌకర్యాలను ఆపడాన్ని ప్రత్యేకంగా నిషేధిస్తుంది. అటువంటి సందర్భంలో అద్దెదారు రెంట్ కంట్రోలర్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ చట్టం వర్తించని ఇళ్ళ విషయంలో సివిల్ కోర్టు నుండి తాత్కాలిక నిషేధాజ్ఞ, అంటే ఇంజంక్షన్ ఉత్తర్వు, కోరవచ్చు.

ఒకవేళ బలవంతంగా బయటకు నెట్టివేస్తే? 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టంలోని 6వ సెక్షన్ ఇందుకే ఉంది. చట్టప్రకారం కాకుండా స్వాధీనం పోగొట్టుకున్నవాడు ఆరు నెలలలోపు దావా వేస్తే, ఇల్లు ఎవరిదన్న ప్రశ్నతో నిమిత్తం లేకుండా, న్యాయస్థానం అతని స్వాధీనాన్ని తిరిగి ఇప్పించగలదు. ఆరు నెలలు దాటితే ఈ దారి మూసుకుపోతుంది. కనుక ఆలస్యం చేయరాదు.

బెదిరింపు, దౌర్జన్యం జరుగుతున్న క్షణంలో 100కు గాని 112కు గాని ఫోను చేయండి. అద్దె బకాయి ఎంత, ఇల్లు ఎప్పుడు ఖాళీ చేయాలి అన్నవి పోలీసులు తేల్చే విషయాలు కావు. అయితే అద్దెదారు స్వాధీనంలో ఉన్న ఇంట్లోకి అతనిని బెదిరించడానికో అవమానించడానికో జొరబడటం, దారి అడ్డగించడం, ప్రాణహాని కలిగిస్తామని బెదిరించడం భారతీయ న్యాయ సంహిత క్రింద నేరాలు. యజమాని చేసినా అవి నేరాలే.

అద్దెదారుని బాధ్యత

హక్కులు విన్నంత ఉత్సాహంగా బాధ్యతలను కూడా వినాలి. ఇల్లు మన చేతిలో ఉన్నంతకాలం అది యజమాని అమానతు. తగాదా వచ్చింది కదా అని అద్దె ఆపివేయడం ధర్మరీత్యా తప్పు, చట్టరీత్యా తెలివితక్కువ పని. అద్దె ఆగిన రోజు నుండి అద్దెదారుని పక్షం బలహీనపడుతుంది. 1960 చట్టం క్రింద నడిచే కేసులో కూడా బకాయిలు కట్టి, నెలనెలా అద్దె జమ చేస్తూ ఉంటేనే అద్దెదారు తన వాదన వినిపించుకోగలడు. బకాయి ఉద్దేశపూర్వకం కాదని కంట్రోలర్ నమ్మితే, చెల్లించడానికి 15 రోజులకు మించని గడువు ఇవ్వవచ్చు.

కొందరు యజమానులు అద్దె పుచ్చుకోవడానికి నిరాకరించి, ఆ తరువాత "ఎగవేశాడు" అని ఆరోపిస్తారు. దీనికి 1960 చట్టం ఒక పద్ధతి చూపింది. అద్దె జమ చేయడానికి బ్యాంకు పేరు చెప్పమని యజమానికి వ్రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అతడు పది రోజులలో చెప్పకుంటే మనియార్డరు పంపాలి. దానినీ తిరస్కరిస్తే కంట్రోలర్ వద్ద జమ చేయాలి. ఈ చట్టం వర్తించనివారు కూడా అద్దెను బ్యాంకు ద్వారా పంపి, అది తిరిగి వస్తే ఆ ఆధారాన్ని భద్రపరచుకోవాలి. "అడ్వాన్సులో కోసుకోండి" అని చెప్పి చివరి నెలల అద్దె మానివేయడం ఒప్పందంలో ఉంటే తప్ప, యజమాని సమ్మతి ఉంటే తప్ప సరికాదు.

మరమ్మతుల విషయంలో ఆస్తి బదిలీ చట్టం ఒక న్యాయమైన మార్గం చూపింది. యజమాని చేయవలసిన మరమ్మతును, తెలియజేసిన తర్వాత కూడా తగిన సమయంలో చేయకుంటే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. అయితే ముందు వ్రాతపూర్వకంగా తెలియజేయాలి, బిల్లులు ఉంచుకోవాలి, అవసరానికి మించి ఖర్చు చేయరాదు. అలాగే మామూలు వాడకంలో కలిగే అరుగుదల తప్ప, తన వల్ల జరిగిన నష్టాన్ని అద్దెదారు భరించాలి.

అడ్వాన్సు తిరిగి ఇవ్వని యజమానికి ముందుగా వ్రాతపూర్వక నోటీసు పంపండి. స్పీడుపోస్టు రసీదు ఉంచుకోండి. సొమ్ము తిరిగి ఇవ్వవలసిన రోజు నుండి మూడేళ్ళలోపు దావా వేయవచ్చు. ఆ లోపు కోర్టు బయట రాజీకి మార్గం ఉంది. అదే ఇప్పుడు చెప్పబోయే విషయం.

ఉచిత న్యాయసహాయం ఎక్కడ?

మన దేశంలో 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ఒకటి ఉంది. డబ్బు లేనందువల్ల ఎవరికీ న్యాయం దూరం కారాదన్నది దాని ఉద్దేశం. ఈ చట్టం క్రింద ఉచిత న్యాయసహాయానికి అర్హులు వీరు: స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, నిర్బంధంలో ఉన్నవారు, విపత్తుల బాధితులు, మనుషుల అక్రమ రవాణాకు, వెట్టిచాకిరికి గురైనవారు, ప్రభుత్వం నిర్ణయించిన ఆదాయ పరిమితికి లోబడినవారు. స్త్రీలకు ఆదాయ పరిమితి లేదన్న సంగతి చాలామందికి తెలియదు. ముస్లిమ్ అయినంత మాత్రాన ఈ సహాయం లభించదు. కాని మన బస్తీలలోని ప్రతి సోదరికి, ప్రతి పేద కూలికి ఇది హక్కుగా లభిస్తుంది. ఇది దానం కాదు, దయ కాదు, సిగ్గుపడవలసిన విషయం అసలే కాదు.

ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. హైదరాబాదులో పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు ఆవరణలో నగర న్యాయసేవాధికార సంస్థ పనిచేస్తుంది. దూరప్రాంతాల కోర్టులలో మండల న్యాయసేవా కమిటీలు ఉన్నాయి. ఎక్కడికి వెళ్ళాలో తెలియనివారు జాతీయ న్యాయసేవల ఉచిత ఫోను నంబరు 15100కు ఫోను చేయవచ్చు. దరఖాస్తు తెల్లకాగితంపై ఇవ్వవచ్చు. వ్రాయడం రానివారు నోటితో చెబితే అక్కడివారే వ్రాసుకుంటారు. ఆధార్ కార్డు, అద్దె రసీదులు, ఒప్పంద పత్రం, నోటీసు వచ్చి ఉంటే దాని నకలు వెంట తీసుకువెళ్ళండి. దరఖాస్తు ఆమోదం పొందితే ఒక న్యాయవాదిని నియమిస్తారు. ఆ న్యాయవాది ఫీజును సంస్థ చెల్లిస్తుంది. మీరు విడిగా ఏమీ ఇవ్వనవసరం లేదు.

ఇదే సంస్థ లోక్ అదాలత్‌లను నిర్వహిస్తుంది. కోర్టులో కేసు వేయకముందే తగాదాను అక్కడికి తీసుకువెళ్ళవచ్చు. కోర్టు ఫీజు లేదు. ఇరుపక్షాలు సమ్మతిస్తేనే రాజీ జరుగుతుంది. ఆ రాజీ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దానిపై అప్పీలు లేదు. అందుకే సంతకం చేసే ముందు ప్రతి షరతును చదివించుకొని, అర్థం చేసుకొని సంతకం చేయండి. అడ్వాన్సు తగాదాలకు, ఖాళీ చేయడానికి గడువు నిర్ణయించుకోవడానికి ఇంతకన్న అనుకూలమైన వేదిక అరుదు. సంధి మేలైనదని మన ధర్మం బోధిస్తుంది. బస్తీ పెద్దల సమక్షంలో జరిగే రాజీ కూడా మంచిదే. అయితే దానిని కాగితంపై పెట్టండి.

ఆ సోదరి ఏమి చేయాలి?

ఇప్పుడు మనం మొదట చెప్పుకున్న సోదరి వద్దకు తిరిగి వెళదాం. ఆమె ఇంటి అద్దె 6,000 రూపాయలు కనుక 1960 చట్టం ఆమెకు వర్తించదు. అయినా "మీతో మాట్లాడుకోలేదు" అన్న యజమాని మాట నిలవదు. భర్తకు ఉన్న అద్దె హక్కు వారసులకు సంక్రమిస్తుంది. అద్దె ముగించాలంటే ఆ వారసులకే 15 రోజుల వ్రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. ఆ తర్వాత కూడా కోర్టు డిక్రీ లేకుండా ఆమెను కదిలించే వీలు లేదు.

ఆమె ఇంట్లో ఉండే 15100కు ఫోను చేయవచ్చు. ఆమె సోదరుడు కాగితాలు తీసుకొని న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళవచ్చు. స్త్రీ అయినందువల్ల ఆమె ఆదాయం ఎంతన్న ప్రశ్న తలెత్తదు. సంస్థ నియమించిన న్యాయవాది యజమానికి లేఖ పంపవచ్చు, అవసరమైతే నిషేధాజ్ఞ కోరవచ్చు. అంతకుముందే లోక్ అదాలత్‌లో ఇద్దరినీ కూర్చోబెట్టవచ్చు. ఇక 12,000 రూపాయల బకాయి ఆమె చెల్లించవలసిన సొమ్మే. యజమాని సమ్మతిస్తే అడ్వాన్సులో సర్దుబాటు చేసుకోవచ్చు. లేదా ఆమె అర్హురాలైతే జకాత్ నిధి నుండి తీర్చవచ్చు. జకాత్ పొందే ఎనిమిది వర్గాలలో రుణగ్రస్తులు కూడా ఉన్నారు కదా! ఇద్దత్ పూర్తయ్యేవరకు గడువు, బకాయి చెల్లింపుకు వాయిదాలు, ఆ తర్వాత గౌరవంగా ఇల్లు అప్పగింత. ఈ మూడింటినీ ఒక కాగితంపై వ్రాసుకుంటే ఆ కుటుంబం వీధిన పడదు, యజమాని నష్టపోడు.

యజమానులకు, మస్జిద్ కమిటీలకు

యజమానులైన సోదరులారా! మీలో చాలామందికి ఆ అద్దెయే జీవనాధారం. వృద్ధాప్యంలో ఒక గది అద్దెతో మందులు కొనుక్కునేవారు మీలో ఉన్నారు. అద్దె ఎగవేసే వ్యక్తి మీకు చేసేది కూడా అన్యాయమే. దానికి చట్టం మీకు దావా వేసే హక్కు ఇచ్చింది. వృద్ధురాలైన యజమానురాలికి కూడా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. ఆ దారినే ఎంచుకోండి. తాళం, బెదిరింపు మీ న్యాయమైన హక్కును కూడా అన్యాయంగా మారుస్తాయి. అద్దెదారు ఇచ్చిన అడ్వాన్సు మీ సొమ్ము కాదు. తిరిగి ఇవ్వవలసిన రోజున దానిని సిద్ధంగా ఉంచడం మీ బాధ్యత.

మస్జిద్ కమిటీలకు మూడు విన్నపాలు. మొదటిది, 15100 నంబరును నమాజు వేళల పట్టిక పక్కన పెద్ద అక్షరాలతో వ్రాయించండి. స్త్రీలు వచ్చే చోట కూడా అది కనిపించాలి. రెండవది, మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వినతిపత్రం ఇచ్చి బస్తీలో న్యాయ విజ్ఞాన సదస్సు ఏర్పాటు చేయించండి. అది వారి విధులలో ఒకటి. మూడవది, చదువుకున్న ఇద్దరు యువకులను, ఇద్దరు యువతులను ఎంపిక చేయండి. కోర్టు గేటు చూస్తేనే జంకే పేదవారి వెంట దరఖాస్తు పట్టుకొని వెళ్ళడం వారి పని.

సోదరులారా! అబూ ఖుబైస్ కొండ ఎక్కిన ఆ పరదేశి మొరను మక్కాలో కొందరు విన్నారు, లేచారు, నిలబడ్డారు. నేడు అలా మొరపెట్టుకునేవారు మన పక్క గదిలోనే ఉండవచ్చు. వారికి కావలసింది కొన్నిసార్లు డబ్బు కాదు. ఎక్కడికి వెళ్ళాలో చెప్పే ఒక మాట, వెంట నడిచే ఒక మనిషి. నమాజు ముగిసి బయటకు వెళ్ళేటప్పుడు మన బస్తీలో అటువంటి కుటుంబం ఏదైనా ఉందేమో ప్రతి ఒక్కరూ ఆలోచించండి.

అల్లాహ్ మనకు మాట నిలబెట్టుకునే గుణాన్ని, ఇతరుల హక్కును గుర్తించే మనసును ప్రసాదించుగాక! మన మధ్య ఉన్న నిరాశ్రయులకు నీడను, రుణగ్రస్తులకు విముక్తిని, అన్యాయానికి గురైనవారికి న్యాయాన్ని అనుగ్రహించుగాక! ఆమీన్.